పతకశిల్పి కార్ల్ గోట్జ్

పతకమనగానే సాధారణముగా మనస్సునకు స్ఫురించునది గౌరవము. యుద్ధభూమిలో ధైర్యము చూపిన సైనికుని ఱొమ్మున వ్రేలాడునది, పరీక్షలో ప్రథముడుగా నిలిచిన విద్యార్థి చేతికి అందునది, పందెములో గెలిచిన ఆటగాని మెడలో మెరయునది పతకము. పొందినవానికి దానివలన కీర్తి కలుగును. ఇచ్చినవారికి తృప్తి కలుగును. చేసిన శిల్పికి కూలి దక్కును. ఆ శిల్పి పేరు మాత్రము ఎవ్వరును అడుగరు. కాని ఎవ్వరి ఱొమ్మునను వ్రేలాడక, ఎవ్వరికిని బహుమానముగా దక్కక, చేసినవాని పేరును మాత్రమే లోకమంతట చాటిన పతకము ఒకటి కలదు. ఆ చాటింపు కీర్తి కాదు, అపకీర్తి.

లండను నగరములోని ఇంపీరియల్ వార్ మ్యూజియములోను, బ్రిటిష్ మ్యూజియములోను ఆ పతకపు ప్రతులు భద్రపరుపబడి యున్నవి. దాని అడ్డుకొలత రెండంగుళములకు కొంచెము ఎక్కువ; అరచేతిలో ఇమిడిపోవును. ఒకవైపున మునిగిపోవుచున్న ఓడ కానవచ్చును. రెండవవైపున ఒక అస్థిపంజరము కూర్చుండి టిక్కెట్లు అమ్ముచుండును. చూచుటకు ఒకే తీరున నుండు అట్టి పతకములను రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి పరీక్షించినచో భేదము తెలియవచ్చును. ఒకటి కంచుతో పోతపోసినది. రెండవది ఇనుముతో చేసినది. మొదటిదానిపై మే మాసపు పేరు జర్మను వర్ణక్రమములో నున్నది. రెండవదానిపై ఆంగ్ల వర్ణక్రమములో నున్నది. మొదటిది జర్మనీలో పుట్టినది. రెండవది ఆ జర్మనీతో ప్రాణములొడ్డి పోరాడుచున్న ఇంగ్లండులో పుట్టినది. శత్రుదేశపు శిల్పి చేసిన పతకమును ఇంగ్లండు తన సొంత ఖర్చుతో మరల ఏల చేయించెను? ఈ ప్రశ్నకు సమాధానము కార్ల్ గోట్జ్ అను పనివాని జీవితకథలో నున్నది.

కార్ల్ గోట్జ్ 1875వ సంవత్సరము జూన్ 28వ తేదీన దక్షిణ జర్మనీలోని బవేరియా రాజ్యమున ఆగ్స్‌బర్గ్ నగరములో జన్మించెను. ఆ నగరము శతాబ్దముల తరబడి స్వర్ణకారులకు ప్రసిద్ధికెక్కినది. ఐరోపా ప్రభువుల భోజనశాలలలోని వెండి పాత్రలు అనేకము అచ్చటి పనివారు చేసినవే. అట్టి నగరములో పుట్టిన బాలునకు లోహముపై చెక్కడపు పని జీవనోపాధి యగుట వింత కాదు. బాల్యము దాటుచుండగనే గోట్జ్ ఒక చెక్కడపు పనివానియొద్ద శిష్యుడుగా చేరి, ఉలి పట్టుట, అచ్చుదిమ్మె చెక్కుట అభ్యసించెను.

ఆ విద్యలో మొదట నేర్వవలసినది వస్తువును తిరగవేసి చూచుట. అచ్చుదిమ్మెపై అక్షరములను కుడినుండి యెడమకు చెక్కవలెను. పతకముపై ఉబ్బి కనబడవలసినదానిని దిమ్మెలో లోతుగా త్రవ్వవలెను. పనివాడు చెక్కునది ఒకటి. లోకము చూచునది దానికి ప్రతిబింబము. ఈ సూత్రమును గోట్జ్ చిన్ననాటనే చేతులతో నేర్చెను. అది లోహమునకే గాక అర్థమునకు సైతము వర్తించునని మాత్రము నలుబదియవ యేట గాని ఆతనికి తెలియలేదు.

శిష్యరికము ముగించిన పనివాడు ఊరూరు తిరిగి, ఆయా చోట్ల పెద్దల కడ పనిచేసి, విద్యకు మెరుగు పెట్టుకొనుట జర్మనీలో చిరకాలపు ఆచారము. గోట్జ్ ఆ ఆచారమును పాటించెను. 1895 మొదలు రెండు సంవత్సరములు డ్రెస్‌డెన్, లైప్‌సిగ్, బెర్లిను, డుస్సెల్‌డార్ఫ్ నగరములలో గడపెను. పిదప హాలండు దేశములోని ఉట్రెక్టు నగరమునకు పోయెను. అచ్చటినుండి పారిసు చేరి సుమారు అయిదు సంవత్సరములు నివసించెను. ఆ కాలమున పతకకళకు పారిసే రాజధాని. ఆస్కార్ రోటీ వంటి ఫ్రెంచి శిల్పులు నాణెములకును పతకములకును కొత్త సొగసులు దిద్దుచుండిరి. పదునేనేండ్లయినను గడువకముందే ఏ ఫ్రెంచివారిని తన పతకములపై ఎగతాళి చేయబోవుచుండెనో, ఆ ఫ్రెంచివారి నడుమనే గోట్జ్ తన పనితనమును పండించుకొనెను. 1904లో స్వదేశమునకు మరలి వచ్చి మ్యూనిక్ నగరమున స్థిరపడెను. మరణపర్యంతము ఆ నగరమే ఆతనికి నివాసమయ్యెను.

పతకశిల్పము ఐరోపాలో పదునైదవ శతాబ్దమున ఇటలీలో వికసించిన కళ. పిసానెల్లో అను చిత్రకారుడు ప్రభువుల ముఖములను కంచు బిళ్లలపై పోతపోసి దానికి గౌరవము కలిగించెను. నాణెమునకు విలువ ప్రభుత్వము కట్టును. పతకమునకు విలువ శిల్పి కట్టును. నాణెమును అచ్చువేయుదురు; ఒక్క దిమ్మెతో వేలకొలది నాణెములు పుట్టును. పోతపతకము అట్లు కాదు. నమూనాను మెత్తని యిసుకలో అదిమి, ఏర్పడిన గుంటలో కరిగిన కంచును పోసి, చల్లారిన తరువాత ఒక్కొక్కదానిని చేతితో సవరింపవలెను. అందువలన అట్టి పతకములు కొద్ది సంఖ్యలోనే పుట్టును. కొద్దిమంది రసికుల యిండ్లకే చేరును. గోట్జ్ తన ప్రసిద్ధ పతకములను ఈ పాత పద్ధతిలోనే పోసెను.

స్తోత్రము చేయుటయే పతకమునకు పని కాదు. నిందించుటకును జర్మనులు, డచ్చివారు దానిని పూర్వమునుండి వాడుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దపు తొలినాళ్లలో గోథా నగరమునకు చెందిన క్రిస్టియన్ వెర్మూత్ వ్యంగ్యపతకములు చేసి ప్రభువులకు కోపము తెప్పించుచుండెను. గోట్జ్ నివసించిన మ్యూనిక్ నగరము కూడ వ్యంగ్యమునకు పెట్టినది పేరు. సింప్లిసిసిముస్ అను హాస్యవారపత్రిక 1896 మొదలు అచ్చటనే వెలువడుచు, చక్రవర్తిని సైతము విడువక పరిహసించుచుండెను. వీథిలో వ్యంగ్యచిత్రములు, దుకాణములో వ్యంగ్యపత్రికలు, చేతిలో పదునైన ఉలి! గోట్జ్ ఆ దారి పట్టుటకు ఇక కావలసినది ఒక సందర్భము మాత్రమే.

1914 ఆగస్టులో ఆ సందర్భము వచ్చినది. ఐరోపా అంతయు యుద్ధములో మునిగెను. ఆ యుద్ధపు సెగ తెలుగువారి తీరమునకు సైతము తాకెను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ అను జర్మను నౌక చెన్నపట్టణముపై గుండ్లు కురిపించి, రేవు చెంత నున్న నూనె తొట్లను తగులబెట్టెను. ఆ పేరు అచ్చట చిరకాలము జనుల నోళ్లలో నానుచుండెను. మ్యూనిక్‌లో గోట్జ్ తన కొలిమిని యుద్ధమునకు అంకితము చేసెను. ప్రభుత్వము ఆతనిని ఆజ్ఞాపింపలేదు, డబ్బు ఇయ్యలేదు. విజయములను పొగడుచు కొన్ని, శత్రువుల కపటములని తాను తలచినవానిని ఎగతాళి చేయుచు మరికొన్ని, ఒకదాని వెనుక ఒకటిగా పతకములను పోయుచు పోయెను.

ఆ యుద్ధము భూమిపై కందకములలో చిక్కుకొనగా, సముద్రముపై మరియొక పోరు ప్రారంభమయ్యెను. బ్రిటిషు నౌకాదళము జర్మను రేవులకు పోవు సరుకును అడ్డగించెను. ఆహారపదార్థములు సైతము ఆ నిర్బంధమునకు లోబడినవి. దానికి ప్రతిగా జర్మనీ 1915 ఫిబ్రవరిలో బ్రిటిషు దీవుల చుట్టునున్న సముద్రమును యుద్ధమండలముగా ప్రకటించి, అందు ప్రవేశించు శత్రునౌకలను తన జలాంతర్గాములు ముంచివేయునని తెలియజేసెను.

కునార్డ్ కంపెనీవారి లూసిటానియా ఆ కాలపు మహానౌకలలో ఒకటి. అది 1915 మే 1వ తేదీన న్యూయార్కునుండి లివర్‌పూల్‌నకు బయలుదేరెను. ప్రయాణికులు, నౌకాసిబ్బంది కలసి 1,900 మందికి పైగా అందుండిరి. యుద్ధమండలములో బ్రిటిషు ఓడలపై ప్రయాణము చేయువారు ఆ అపాయమునకు తామే బాధ్యులని జర్మను రాయబార కార్యాలయము అమెరికా పత్రికలలో చేసిన ప్రకటన ఆ దినముననే వెలువడెను. దానిని చదివినవారిలో అనేకులు అంత పెద్ద ఓడను, అంత వేగము గల ఓడను ఎవ్వరేమి చేయగలరని తలచి ఎక్కిరి.

మే 7వ తేదీ మధ్యాహ్నము రెండు గంటలు దాటిన కొద్ది నిమిషములకు, ఐర్లండు దక్షిణతీరమున కిన్సేల్ అగ్రము కనుచూపుమేరలో నుండగా, వాల్టర్ ష్వీగర్ నాయకత్వము క్రింద నున్న జర్మను జలాంతర్గామి యొక్క టార్పీడో ఆ ఓడను తాకెను. వెంటనే లోపల రెండవ ప్రేలుడు వినవచ్చెను. ఓడ ఒక ప్రక్కకు ఒరిగిపోవుటచే ప్రాణరక్షక పడవలను దింపుట దుర్లభమయ్యెను. 48 పడవలలో సరిగా నీటికి దిగినవి ఆరు మాత్రమే. సుమారు 18 నిమిషములలో ఆ మహానౌక అదృశ్యమయ్యెను. రమారమి 1,200 మంది మరణించిరి. వారిలో పసిపిల్లలు 90 మందికి పైగా నుండిరి; యుద్ధములో చేరని అమెరికా దేశస్థులు 120 మందికి పైగా నుండిరి.

ఈ వార్త జర్మనీకి మరియొక రూపమున చేరెను. అనేక జర్మను పత్రికలు దానిని నౌకాదళ విజయముగా వర్ణించినవి. లూసిటానియా ప్రయాణికుల ఓడయైనను లోపల యుద్ధసామగ్రిని మోయుచుండెననియు, అమాయకులను ముందు పెట్టుకొని వెనుక ఆయుధములను దాటించు వ్యాపారులే దోషులనియు వాదించినవి. ఈ వాదములో కొంత నిజము లేకపోలేదు. ఓడలో 40 లక్షలకు పైగా తుపాకి తూటాలు, మందు నింపని ఫిరంగి గుండ్ల పెట్టెలు 1,250 ఉండెను. ఆ సంగతి ఓడ సరుకుల పట్టికలోనే కలదు. కాని ఓడపై ఫిరంగులు అమర్చబడలేదు; విమానములు లేవు. ఆ వార్తలను మ్యూనిక్‌లో కూర్చుండి చదివిన గోట్జ్, నిజమును అబద్ధమును వేరుచేయక, రెండింటిని ఒకే మూసలో పోసెను.

1915 ఆగస్టులో ఆ పతకము తయారయ్యెను. ఒకవైపున ఓడ మునుగుచుండును. దానిపై ఫిరంగులు, విమానములు కుప్పలుగా పోయబడి యుండును. పైన, నిషిద్ధవస్తువు లేవియు లేవని ఓడ యజమానులు చెప్పుమాటను వెక్కిరించు అక్షరములు. క్రింద, ఈ మహానౌకను జర్మను జలాంతర్గామి ముంచెనని తెలుపు వాక్యము, దాని చివర తేదీ. రెండవవైపున కునార్డ్ కంపెనీ టిక్కెట్ల కిటికీ. కిటికీ వెనుక అస్థిపంజర రూపమున మృత్యువు. ముందు టిక్కెట్లకై తోసుకొనుచున్న జనము. వారిలో నొకడు జలాంతర్గాముల అపాయమును గూర్చిన వార్తాపత్రిక చదువుచుండును. పొడవు టోపీ ధరించిన జర్మను రాయబారి వ్రేలెత్తి హెచ్చరించుచుండును, వినువాడు లేడు. పైన, అన్నిటికంటె వ్యాపారమే గొప్పదను అర్థము గల అక్షరములు. అవి జర్మనుల ప్రసిద్ధ దేశభక్తిగీతపు పల్లవికి వికటానుకరణము.

పనితనమును మాత్రమే చూచినచో ఆ పతకము సామాన్యమైనది కాదు. రెండంగుళముల చోటులో ఒక నాటకమును చూపినది. లాభాపేక్షచే ప్రయాణికులను మృత్యువునకు అమ్మిన వ్యాపారిని నిందించుటయే తన అభిప్రాయమని గోట్జ్ చెప్పుకొనెను. ఆతడు పోసినవి 500 కంటె తక్కువ. వానిని కొన్నవారు మ్యూనిక్ పరిసరములలోని పతకాభిమానులు. ఆ సంగతి అంతటితో ఆగియుండవలసినది. ఆగకపోవుటకు కారణము ఆ ఓడ బొమ్మ క్రింద నున్న ఒక చిన్న అంకె.

లూసిటానియా మునిగినది మే 7వ తేదీన. గోట్జ్ పతకముపై పోసినది మే 5వ తేదీ. పత్రికలోని తప్పు వార్తవలన అట్లు జరిగెనని ఆతడు తరువాత చెప్పెను. కాగితముపై వ్రాసిన తప్పును గీటుపెట్టి దిద్దవచ్చును. కంచుతో పోసిన తప్పు పోసినట్లే నిలుచును. ఫిరంగులను కల్పించునప్పుడు నిజమును విచారింపని చేయి తేదీని పోయునప్పుడు మాత్రము ఏల విచారించును?

ఆ పతకములలో కొన్ని జర్మనీ యెల్లలు దాటి బ్రిటిషు అధికారుల చేతులలో పడెను. వారు దానిని తిప్పి చూచిరి, తేదీ చదివిరి. శిల్పి పోసిన అర్థము తిరగబడుటకు అంతకంటె ఏమియు అక్కరలేకపోయెను. ఓడ మునుగుటకు రెండు దినములు ముందే పతకముపై తేదీ పడినదన్నచో ఆ హత్య ముందుగా నిశ్చయించినదేయని వాదింపవచ్చును గదా! ఛాయాచిత్రములు అమెరికాకు పంపబడెను. 1916 మే మాసమున, ఓడ మునిగిన సంవత్సరము తిరిగివచ్చు వేళకు, న్యూయార్కు పత్రికలలో ఆ బొమ్మలు అచ్చయ్యెను. జర్మను ప్రభుత్వమే ఈ పతకమును వేయించెనని కొందరు వ్రాసిరి. ఓడను ముంచిన నావికులకు బహుమానముగా ఇచ్చెనని మరికొందరు వ్రాసిరి. ఈ రెండు మాటలును అసత్యములు.

తరువాత లండనులో అంతకంటె పెద్ద పని జరిగెను. బ్రిటిషు ప్రభుత్వపు కోరికపై సెల్ఫ్‌రిడ్జ్ అను ప్రసిద్ధ విక్రయశాలవారు ఆ పతకమునకు నకళ్లు చేయించిరి. ఒక్కొక్క నకలును చక్కని పెట్టెలో నుంచి, ఒక కరపత్రమును జతచేసి, ఒక షిల్లింగునకు అమ్మిరి. ఆనాటి మారకపు ధర ప్రకారము అది భారతదేశపు నాణెములలో పండ్రెండణాలు. అమ్మకముపై వచ్చిన సొమ్మును రెడ్‌క్రాస్ సంఘమునకును, యుద్ధములో చూపు కోల్పోయిన సైనికులను, నావికులను పోషించు సెయింట్ డన్‌స్టన్ ఆశ్రమమునకును ఇచ్చిరి. అమ్ముడైన నకళ్లు సుమారు 2,50,000 అని ఆ పనిని నిర్వహించిన సంఘము తరువాత అంచనా వేసెను. అనగా గోట్జ్ చేసిన ఒక్కొక్క పతకమునకు ఆతని శత్రువులు 500 చేసిరి! పతకశిల్పుల చరిత్రలో ఇట్టి ప్రచారము మరియొకనికి లభించియుండదు.

పెట్టెలోని కరపత్రము జర్మనుల క్రూరత్వమునకు ఈ పతకమే సాక్ష్యమని చెప్పెను. తేదీని చూపి, పన్నాగము ముందుగా పన్నబడెనని సూచించెను. అది అసత్యము. కాని ఆ కరపత్రమే మరియొక మాట కూడ చెప్పినది. శిల్పి ఓడపై లేని ఫిరంగులను, విమానములను చెక్కెను గాని ఉన్న స్త్రీలను, పిల్లలను చెక్కుట మరచెనని ఎత్తిపొడిచెను. దీనికి గోట్జ్ వద్ద సమాధానము లేదు. పతకమును ఎన్నిమారులు త్రిప్పి చూచినను నీటిలో మునుగుచున్న మనుష్యుడు ఒక్కడును కానరాడు. టిక్కెట్టు కొనుచున్నవారు కలరు, చచ్చినవారు లేరు. రమారమి 1,200 మంది మరణమును గూర్చి చేసిన పతకములో మరణించిన ఒక్కరికైనను చోటు లేకపోయెను. తేదీ తప్పు దిద్దదగినది. ఈ లోపము దిద్దదగినది కాదు.

పొరపాటు తెలిసిన పిదప గోట్జ్ మే 7వ తేదీతో పతకమును మరల పోసెను. కాని అప్పటికే పాత తేదీ లక్షలాది యిండ్లకు చేరియుండెను. దిద్దుబాటు ఎవ్వరికిని అక్కరలేదు. పైగా, నేరము బయటపడిన తరువాత తేదీ మార్చుట మరింత కపటమని శత్రువులు తలచుటకు వీలు కలిగెను. స్వదేశములోను ఆతనికి మెప్పు దక్కలేదు. లోకమంతట లేచిన గగ్గోలు చూచి బవేరియా ప్రభుత్వము భయపడి, 1917లో ఆ పతకముల తయారీని ఆపించి, మిగిలియున్నవానిని స్వాధీనము చేసికొన నాజ్ఞాపించెను. దేశమునకు సేవ చేయుచుంటినని తలచిన పనివాని పతకమును ఆ దేశమే నిషిద్ధవస్తువుగా ఎంచెను. నిషిద్ధవస్తువులను గూర్చి ఎగతాళి చేసిన పతకమునకు అట్టి గతి పట్టుట విధివైపరీత్యము.

1917 ఏప్రిలులో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. దానికి తక్షణ కారణములు వేరు. జర్మనీ ఆ సంవత్సరము ఫిబ్రవరిలో జలాంతర్గాముల యుద్ధమును హద్దులు లేకుండ మరల ప్రారంభించుట, మెక్సికోను అమెరికాపైకి పురికొల్ప జూచిన రహస్యపు తంతి బయటపడుట వానిలో ముఖ్యమైనవి. ఒక పతకము యుద్ధమును తెచ్చెననుట అతిశయోక్తి యగును. అయినను రెండేండ్లపాటు అమెరికా ప్రజల మనస్సులలో లూసిటానియా మరణములను మరపునకు రానీయక నిలిపినవానిలో గోట్జ్ పతకము కూడ ఒకటి.

ఓడను ముంచిన ష్వీగర్ 1917 సెప్టెంబరులో మరియొక జలాంతర్గామితోపాటు సముద్రములో మునిగి మరణించెను. యుద్ధము 1918లో జర్మనుల ఓటమితో ముగిసెను. తన పతకమువలన తన దేశముపై ద్వేషము పెరిగినందుకు గోట్జ్ యుద్ధానంతరము విచారము వెలిబుచ్చెను. ఆ విచారము నిజమైనదే కావచ్చును. కాని విచారించుట వేరు, మారుట వేరు. ఆతని ఉలి తన దారిని విడువలేదు. 1919నాటి వెర్సేల్స్ సంధిని, 1923లో ఫ్రెంచివారు రూర్ ప్రాంతమును ఆక్రమించుటను నిందించుచు ఆతడు పతకములు చేసెను.

వానిలో 1920లో చేసినది మిక్కిలి హీనమైనది. రైను నదీతీరమును ఆక్రమించిన ఫ్రెంచి సైన్యములో ఆఫ్రికా దేశపు సైనికులు ఉండుటను జర్మను జాతికి అవమానముగా భావించి, ఆ నల్లజాతివారిని మృగప్రాయులుగా చిత్రించి ఆ పతకమును పోసెను. పరాయి సామ్రాజ్యము పక్షమున ఐరోపా కందకములలో పోరాడిన సైనికులు భారతదేశమునుండియు వేలకొలదిగా వెళ్లియుండిరి. అందువలన భారతీయులకు ఈ పతకము లూసిటానియా పతకముకంటె ఎక్కువ బాధ కలిగించును. అందు తేదీ తప్పులేదు. పత్రికలో చదివిన తప్పు వార్తయు లేదు. ఉన్నది శిల్పి మనస్సు మాత్రమే. లూసిటానియా పతకమును పొరపాటని సమర్థింపజూచు వారు ఈ పతకమును కూడ చేతిలోనికి తీసికొని చూడవలెను.

తరువాత హిట్లరు పాలన వచ్చెను. గోట్జ్ హిట్లరు రూపముతోను పతకములు చేసెను. హిండెన్‌బర్గ్ వంటి సేనానులకు, కవులకు, పండితులకు కూడ చేసెను. ఆతడు జీవితకాలమున చేసిన పతకములు 600 పైచిలుకు. వానిలో శాంతమైన ముఖములు, నిపుణములైన రేఖలు గలవి అనేకము కలవు. వ్యంగ్యము విడిచి మనిషి ముఖమును శ్రద్ధతో చూచినప్పుడు ఆతని చేయి ఎంత గొప్పదో ఆ పతకములు తెలుపుచున్నవి. రెండవ ప్రపంచయుద్ధములో మ్యూనిక్ నగరము విమానముల బాంబులచే భగ్నమగుటను కూడ ఆతడు బ్రతికి చూచెను. 1950వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన, 75వ యేట, ఆ నగరముననే మరణించెను. ఆతని కుమారుడు గీడో తండ్రి వృత్తినే అవలంబించెను.

గోట్జ్ పేరు నేడు నిలిచియున్నది 600 పైచిలుకు పతకములవలన కాదు, ఒక్క పతకమువలన. 2014లో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమై నూరేండ్లు నిండిన సందర్భమున బ్రిటిష్ మ్యూజియమువారు ఆనాటి జర్మను పతకములతో ప్రత్యేక ప్రదర్శన జరిపిరి. శత్రువు చేతికి చిక్కిన సాక్ష్యముగా కాక, ఆ యుద్ధమును జర్మనులు ఏ కంటితో చూచిరో తెలుపు కళావస్తువులుగా వానిని ప్రజల ముందుంచిరి. నూరేండ్లకు గాని ఆ బిళ్లలను కోపము లేకుండ త్రిప్పి చూచుట సాధ్యము కాలేదు.

అట్లు త్రిప్పి చూచువారికి రెండు సంగతులు స్పష్టమగును. గోట్జ్ సగము నిజమును తీసికొని దానికి ఫిరంగులు అతికించెను. ఆతని శత్రువులు ఆతని పొరపాటును తీసికొని దానికి కుట్ర అతికించిరి. ఇరువురును తమ దేశమునకు మేలు చేయుచున్నామనియే తలచిరి. యుద్ధకాలమున నిజము ఇట్లే రెండువైపుల అరిగిపోవును. అయితే ఇరువురిలో మొదట విచారింపక పోసినవాడు గోట్జ్. ఎదుటివానికి ఆయుధము అందించినది ఆతని చేయియే.

తేదీలు, అంకెలు, పేర్లు చిన్న సంగతులుగా కనబడును. వానితో నిత్యము పనిచేయువారికి వాని బరువు తెలియును. కాగితముపై పడిన రెండు దినముల తేడా ఒక సామాన్యుని హక్కును పోగొట్టగలదు. కంచుపై పడిన రెండు దినముల తేడా ఒక జాతిపై అపవాదు మోపగలిగినది. కాని గోట్జ్ జీవితము బోధించునది తేదీని సరిచూచుకొనుట మాత్రమే కాదు. తేదీ సరియైనను ఆ పతకములో మునిగినవారు లేకపోవుట అట్లే యుండును. ఎదుటివానిని నొప్పించుటకై ఉలి పట్టినవాడు మొట్టమొదట చెరిపివేయునది, ఇరువురిలో ఎవ్వరి పక్షమునను లేక మధ్యను నలిగిన మనుష్యుని ముఖము. లండను ప్రదర్శనశాలలో ఆ చిన్న బిళ్ల ఎదుట నిలిచి, ఓడను, అస్థిపంజరమును, తప్పు తేదీని చూచిన పిదప, అందులో లేనివారిని కూడ తలచుకొనువాడే దానిని పూర్తిగా చూచినవాడు.